బీపీ వంద ఉంది, జ్వరం దిగింది… మరి డాక్టర్‌ని లేపాలా వద్దా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను. బీఎస్సీ నర్సింగ్ అయి ఏడు నెలలు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మెడికల్ వార్డు, నైట్ డ్యూటీ. 22 మంచాలకి ఇద్దరు సిస్టర్లు. 28 ఏళ్ల కుర్రాడు, డెంగ్యూ, ఐదో రోజు. బీపీ రాత్రి 8కి 116/74, 12కి 108/80, తెల్లవారుజామున 4కి 100/84. జ్వరం 99కి దిగింది కదా అని మీరు ‘స్టేబుల్’ అని రాశారు. ఆరింటికి ఐసీయూకి మార్చారు. ‘పైన బీపీ వంద ఉందిగా, నా తప్పేంటి? డాక్టర్‌ని ఎప్పుడు లేపాలి? రాసిన మందు ఆపే అధికారం నాకుందా?’ ఇవీ మీరడిగినవి.

నేను 26 ఏళ్లుగా ఈ ఊళ్లోనే వార్డుల్లో, ఐసీయూల్లో పనిచేస్తున్నాను. మీరు పడ్డ గోతిలో నేనూ పడ్డాను కాబట్టి తప్పు, ఒప్పు పక్కన పెట్టి ఆ మూడు బీపీలే మళ్లీ చూద్దాం.

పై అంకెలోంచి కింది అంకె తీసేయండి. 8 గంటలకి 42. పన్నెండుకి 28. నాలుగింటికి 16. దీన్నే పల్స్ ప్రెషర్ అంటాం. డెంగ్యూలో ఇది 20 లేదా అంతకన్నా తక్కువకి వచ్చిందంటే షాక్ మొదలైనట్టే లెక్క, పైన వంద ఉన్నా సరే. రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, బయటికి కారిపోతుంటుంది. లోపల ద్రవం తగ్గేకొద్దీ శరీరం చేతులు కాళ్లలోని నాళాలను బిగించి గుండెకీ మెదడుకీ రక్తం అందిస్తుంది. ఆ బిగింపు వల్లే కింది అంకె పైకి లేస్తుంది, పై అంకె కాసేపు నిలబడుతుంది. కుర్రాళ్లలో అయితే మరీ మోసం. చివరిదాకా తట్టుకుని, ఒక్కసారిగా పడిపోతారు. ఆ సమయంలో చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిగటగా తగులుతుంది. గోరు నొక్కి వదిలితే ఎరుపు రెండు సెకన్లలో తిరిగి రాదు.

ఇంకోటి. డెంగ్యూలో జ్వరం దిగడం శుభవార్త కాదు. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగే వేళకే ప్రమాద దశ మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. ఇంట్లోవాళ్లు ‘హమ్మయ్య, జ్వరం తగ్గింది’ అని టీ తాగడానికి వెళ్లే పూటే మనం మంచం దగ్గర నిలబడాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మాట్లాడిస్తే మత్తుగా ఉండటం, మూత్రం తగ్గడం: ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఉదయం రౌండ్స్ దాకా ఆగొద్దు. అటెండర్లందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది, బొప్పాయి ఆకు రసం ఫ్లాస్కులో తెస్తారు. మీరు మాత్రం హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, చూడండి. ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ 38 నుంచి 46కి పాకిందంటే ప్లాస్మా కారిపోతున్నట్టు. ఈ రోగికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వద్దు, కండకి ఇంజెక్షన్లు వద్దు. కారడం ఆగాక ఇంకో ప్రమాదం ఉంది. బయటికి పోయిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికీ డ్రిప్ అదే వేగంతో నడుస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. ఆర్డర్ నిన్నటిదైతే ఈ పూట డాక్టర్‌ని ఒకసారి అడగాలి.

ఇప్పుడు మీ చార్టులో నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి. నాడి 86, 102, 118 అని సరిగ్గానే రాశారు. శ్వాస మాత్రం మూడుసార్లూ 20. అమ్మా, మన దేశంలో ఏ వార్డుకి వెళ్లినా అందరి శ్వాసా ఇరవయ్యే. దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్న ముసలాయనకీ 20, ఫోన్‌లో వీడియోలు చూస్తున్న కుర్రాడికీ 20. నేనూ కొన్నేళ్లు అలాగే రాశాను. శరీరం లోపల ఏదో చెడుతోందని మిగతా అంకెల కన్నా ముందుగా చెప్పేది తరచుగా శ్వాసే. వార్డులోని మెషీన్లని దీనికి నమ్ముకోలేం, మీరే లెక్కపెట్టాలి. రోగికి చెప్పి లెక్కపెడితే ఊపిరి మార్చేస్తాడు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, చూపు ఛాతీ మీద పెట్టి, పూర్తి నిమిషం లెక్కపెట్టండి.

అది ఎంత తేడా చేస్తుందో చూడండి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్2 అనే స్కోరు ఉంది. శ్వాస, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత, వీటికి అంకెలు వేసి కలుపుతారు. మొత్తం 5 లేదా ఆపైన ఉంటే వెంటనే డాక్టర్ చూడాలి, 7 లేదా ఆపైన ఉంటే ఎమర్జెన్సీ. ఒక్కదానికే 3 వచ్చినా డాక్టర్‌కి చెప్పాలి. మీ కుర్రాడికి నాలుగింటికి నాడి 118కి 2, బీపీ 100కి 2, మొత్తం 4. అంటే గీతకి ఇవతలే. అతని శ్వాస నిజానికి 24 ఉండి ఉంటే ఇంకో 2 కలిసి 6. లెక్కపెట్టకుండా రాసిన ఆ ఇరవయ్యే మిమ్మల్ని ఫోన్ దగ్గరికి వెళ్లనివ్వలేదేమో. అలాగని స్కోరునే నమ్ముకుని కూర్చోకండి. పల్స్ ప్రెషర్ అందులో లేదు. పదహారేళ్ల లోపు పిల్లలకీ, గర్భిణులకీ అది పనికిరాదు.

కాబట్టి ‘నార్మలా కాదా’ అని కాకుండా ‘ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారింది’ అని అడగడం అలవాటు చేసుకోండి. ఎప్పుడూ 160 ఉండే బీపీ పేషెంటుకి 110 నార్మల్ కాదు. మెటోప్రొలాల్ వాడే మనిషికి లోపల రక్తం పోతున్నా నాడి 80 దాటకపోవచ్చు, మందు దాన్ని పట్టి ఉంచుతుంది. ముసలివాళ్లకి ఇన్ఫెక్షన్ రక్తానికి పాకినా జ్వరం రాకపోవచ్చు, తికమక మాటలే మొదటి గుర్తు. నిన్న మిమ్మల్ని పేరు పెట్టి పిలిచిన మామ్మ ఈ రాత్రి ‘మా ఊరి బస్సు వచ్చిందా’ అంటోందంటే, న్యూస్2లో ఆ కొత్త తికమక ఒక్కదానికే 3. దాన్ని ‘వయసు’ అని కొట్టేయకండి. కూతురు వచ్చి ‘మా అమ్మ ఏటో తేడాగా ఉంది సిస్టరమ్మా’ అంటే అది కూడా చార్టులో రాయదగ్గ పరిశీలనే. ఆమెకి తన తల్లి మామూలుగా ఎలా ఉంటుందో తెలుసు, మనకి తెలియదు.

మన ఉత్తరాంధ్రలో ‘గ్యాస్ పట్టేసింది’ అనే మాటకి నేను ప్రత్యేకంగా భయపడతాను. షుగర్ ఉన్న ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీనొప్పిగా కాకుండా పైపొట్టలో మంట, చెమట, నీరసం, ‘గాభరాగా ఉంది’ అనే మాటగా రావచ్చు. పాంటాప్రజోల్ ఇచ్చి పడుకోబెట్టే ముందు ఈసీజీ తీయించండి. పది నిమిషాల్లో అయిపోవాలి.

ఇక మందుల సంగతి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, దారి, వేళ, ఇవి మీకు నోటికొచ్చు. నేను ఇంకొకటి కలుపుకుంటాను: ఈ పూట ఈ మనిషికి ఇది ఇవ్వొచ్చా? కేస్ షీట్‌లో ఆర్డర్ రాసినప్పటి మనిషి, మీరు ట్రే పట్టుకుని వెళ్లినప్పటి మనిషి ఒకరే కాకపోవచ్చు. బీపీ మాత్ర ముందు బీపీ. గుండె మందు డిగాక్సిన్ ముందు స్టెతస్కోప్ గుండె మీద పెట్టి పూర్తి నిమిషం. పెద్దవాళ్లకి 60 కన్నా తక్కువుంటే ఆపి అడగాలి. వికారం, చూపు పసుపుగా కనబడటం చెప్పినా, పొటాషియం తక్కువున్నా ఇంకా జాగ్రత్త. మార్ఫిన్, ట్రమడాల్ ఇస్తున్నవాళ్లలో శ్వాస తగ్గకముందే మత్తు పెరుగుతుంది. ‘నొప్పి తగ్గి హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకున్న మనిషిని ఒకసారి లేపి మాట్లాడించండి. లేబర్ రూమ్‌కి మారితే, గర్భిణులకి ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ప్రతి డోసు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస 16 పైన ఉందా, మూత్రం గంటకి 30 ఎంఎల్ అయినా వస్తోందా చూసి, పక్కనే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పెట్టుకోండి. మూర్ఛ మందు ఫెనిటాయిన్‌ని డెక్స్‌ట్రోజ్‌లో కలపకండి, గడ్డకడుతుంది. నార్మల్ సెలైన్ ఒక్కటే.

పొటాషియం క్లోరైడ్ దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. మన దగ్గర దొరికే 10 ఎంఎల్ ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. చూడ్డానికి నీళ్లలా, పక్కనున్న ఇతర ఆంపూళ్లలాగే ఉంటుంది. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది, అక్కడ రెండో అవకాశం ఉండదు. వేలాడుతున్న సెలైన్ బాటిల్లోకి ఎక్కించి వదిలేస్తే కూడా ప్రమాదమే. బరువైన ద్రావణం అడుగున చేరి మొదట్లోనే చిక్కగా వెళ్లిపోతుంది. బాటిల్ దించి, కలిపి, నాలుగైదుసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి, అప్పుడు పెట్టండి. మామూలు వార్డులో చేతి నరం ద్వారా గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటించకపోవడం మంచి అలవాటు. ఆసుపత్రి ప్రోటోకాల్ ఇంకా కఠినంగా ఉంటే అదే పాటించండి. మూత్రం రాని మనిషికి పొటాషియం రాసి ఉంటే ముందు ఫోన్.

ఇన్సులిన్ కథ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, పేరు అనవసరమైన ఒక ఆసుపత్రిలో. అరవై దాటిన ఒక పెద్దాయన, చోడవరం వైపు మనిషి. షుగర్ 380 దగ్గర కదలడం లేదు. రాసింది 12 యూనిట్లు, రెండ్రోజులకి 24 చేశారు. ఆ రాత్రి నేను డ్యూటీ ఎక్కి స్టాక్‌లోంచి కొత్త సిరంజి తీసి 24 ఇచ్చాను. మూడింటికి పక్క మంచం వాళ్లు పిలిచారు: చొక్కా తడిసిపోయింది, పిలిస్తే పలకడం లేదు, జీఆర్‌బీఎస్ (వేలి చుక్కతో చూసే షుగర్) 38. నూరు ఎంఎల్ 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక కళ్లు తెరిచి ‘ఏటయిందమ్మా?’ అన్నాడు.

అయింది ఇదీ. మన దేశంలో వయల్‌లో వచ్చే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం యూ-40, అంటే ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. యూ-100 సిరంజికి ఆరెంజ్ మూత. ఇంట్లోవాళ్లు మందుల షాపు నుంచి తెచ్చినవి ఆరెంజ్ మూతవి. దాంతో యూ-40 వయల్‌లోంచి 12 గీత దాకా లాగితే వెళ్లేది 5 యూనిట్లు కూడా కాదు. 24 గీత దాకా లాగినా పదికి లోపే. మందు పనిచేయడం లేదనుకుని డోసు పెంచుకుంటూ పోయారు. ఆ రాత్రి సరైన సిరంజి వాడింది నేనొక్కదాన్నే, ఆయన్ని పడగొట్టిందీ నేనే. యూ-100 వయల్‌ని ఎర్ర మూత సిరంజితో లాగితే ఇంకా ఘోరం, రెండున్నర రెట్లు వెళ్తుంది. అప్పటినుంచి వయల్ మీద అంకె, సిరంజి మీద అంకె పైకి చదివి పక్క సిస్టర్‌కి వినిపించకుండా నేను ఇన్సులిన్ ఇవ్వను. భోజనం పళ్లెం కళ్లతో చూడకుండా భోజనం ముందు డోసూ ఇవ్వను. ‘తినేస్తాడు లెండి’ అనే మాట చెల్లదు.

షుగర్ 70 కన్నా తక్కువకి పడితే, మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. మత్తులో ఉన్నవాళ్ల నోట్లో ఏమీ పోయకండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలవల్ల పడితే ఒకసారి లేచినా మళ్లీ పడుతుంది, ఒక రోజంతా కాపలా కాయాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో అయితే ఇన్సులిన్ కూడా త్వరగా బయటికి పోదు.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి. విశాఖలో పనిచేస్తూ, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే రోగిని చూడకుండా ఉండలేరు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి డయాలసిస్‌కి, నీరసానికి, ఆయాసానికి వస్తారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రెండు రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ కఫ్ కట్టకండి, సూది గుచ్చకండి. రాత్రిపూట ఇద్దరే ఉన్నప్పుడు తొందరలో చేసే తప్పు ఇది. మంచం తలవైపు పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. నడుంనొప్పికి డైక్లోఫెనాక్ రాసి ఉన్నా, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ రాసి ఉన్నా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో చూసి డాక్టర్‌కి చెప్పాకే ఇవ్వండి. ఉద్దానం అంటేనే కొబ్బరితోటలు. ‘మా చెట్టువే తల్లీ, చలవ’ అని ప్రేమగా కొబ్బరిబొండాలు మోసుకొస్తారు. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్లంటే పొటాషియం. కాళ్లు పట్టు తప్పడం, నాడి నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఈసీజీ తీయించి పిలవండి. టీ తరంగాలు మొనదేలి నిటారుగా ఉంటే డాక్టర్ ముందు కాల్షియం గ్లూకోనేట్ అడుగుతారు, తర్వాత డెక్స్‌ట్రోజ్‌తో ఇన్సులిన్. వాళ్లొచ్చేసరికి రెండూ ట్రేలో ఉండాలి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, మందు ఆపే అధికారం. ఆర్డర్ మార్చే అధికారం మనకి లేదు. ప్రమాదం కనబడినప్పుడు ఇవ్వకుండా నిలిపి వెంటనే అడిగే బాధ్యత ఉంది. ఈ రెంటికీ మధ్య తేడా ‘వెంటనే’ అన్న మాటలోనే ఉంది. చెప్పకుండా ఆపేసి ‘గివెన్’ అని టిక్ పెట్టడం నేరం. చెప్పకుండా ఆపేసి ‘నాట్ గివెన్’ అని రాసి ఊరుకోవడం కూడా తప్పే. ఎందుకంటే ఆపడం కూడా ఒక చికిత్స నిర్ణయమే. టైప్ 1 షుగర్ ఉన్న పిల్ల ఏమీ తినడం లేదని రాత్రిపూట ఇచ్చే దీర్ఘకాల ఇన్సులిన్ మొత్తం ఆపేస్తే పొద్దున్నకి కీటోఅసిడోసిస్‌లోకి, అంటే రక్తం ఆమ్లంగా మారే ప్రాణాపాయ స్థితిలోకి, వెళ్లొచ్చు. ఎన్నాళ్లుగానో వాడుతున్న స్టెరాయిడ్, మూర్ఛ మాత్ర, గుండె బీటా బ్లాకర్, వీటిని ఆపరేషన్ ముందు ‘నోటికేమీ వద్దన్నారు’ అని ఆపేసేవాళ్లని చూశాను. అడగండి. అడిగి, ఎన్ని గంటలకి, ఏ విలువ చూసి, ఎవరికి చెప్పారో, వాళ్లేమన్నారో రాయండి. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే ముందు రాసి, తర్వాత తిరిగి చదివి వినిపించి, పొద్దున సంతకం పెట్టించుకోండి.

టెస్ట్ డోసు గురించి ఒక మాట: చర్మం మీద ఏమీ రాలేదంటే అసలు డోసు క్షేమమని హామీ కాదు. యాంటీబయాటిక్ మొదటిసారి ఎక్కించేటప్పుడు దగ్గరే ఉండండి. గొంతు బిగుసుకుని, దద్దుర్లు లేచి, బీపీ పడితే అడ్రినలిన్ అర మిల్లీగ్రాము తొడ బయటివైపు కండలోకి. ఎవిల్ (అలర్జీ మందు), డెక్సామెథసోన్ (స్టెరాయిడ్) దాని తర్వాతి మాట, దాని బదులు కాదు.

ఇక డాక్టర్‌ని లేపడం. నిజానికి మీ భయమంతా ఇక్కడే ఉంది, నాకు తెలుసు. ‘దీనికా లేపావ్?’ అంటారని. ఆ మాట నేనూ పడ్డాను, ఒకసారి కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. దానికి మందు ఎలా మాట్లాడాలో నేర్చుకోవడమే. ఎస్‌బార్ అనే పద్ధతి అమెరికా నౌకాదళంలో అణు సబ్‌మెరైన్లలో పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లి చూసి ఉంటారుగా, ఆ ఇరుకులో చుట్టూ నీళ్ల మధ్య ఎవడైనా డొంకతిరుగుడుగా మాట్లాడితే ఏమవుతుందో ఊహించుకోండి. పరిస్థితి, వెనక కథ, నా అంచనా, నాకేం కావాలి. నాలుగు ముక్కలు. ఆ రాత్రి మీ ఫోన్ ఇలా ఉండాల్సింది:

‘సార్, మెడికల్ వార్డు సిస్టర్‌ని. 14వ బెడ్ డెంగ్యూ పేషెంటుకి పల్స్ ప్రెషర్ 28కి తగ్గింది, ఎనిమిదింటికి 42. ఐదో రోజు, జ్వరం ఇప్పుడే దిగింది, సాయంత్రం ప్లేట్‌లెట్లు 41 వేలు. నాడి 86 నుంచి 102 అయింది, చేతులు చల్లగా ఉన్నాయి, నాలుగు గంటలుగా మూత్రం లేదు. షాక్‌లోకి వెళ్తున్నాడేమో అనిపిస్తోంది. మీరు వచ్చి చూడాలి. ఈలోగా హెమటోక్రిట్ పంపమంటారా, ఫ్లూయిడ్ ఎంత పెట్టమంటారు?’

గమనించండి, ఇది నాలుగింటి ఫోన్ కాదు, పన్నెండింటిది. ‘పేషెంటు బాగోలేదు సార్’ అంటే నిద్రలో ఉన్న ఏ మనిషీ లేవడు. పల్స్ ప్రెషర్ 28 అంటే లేచి కూర్చుంటాడు. ‘వచ్చి చూడాలి’ అనే మాట మాత్రం మింగేయకండి. మనలో చాలామంది అంకెలన్నీ చెప్పి చివర్లో ‘అంతే సార్’ అని పెట్టేస్తారు.

ఫోన్ ఎత్తకపోతే రెండోసారి చేయండి, సమయం రాసుకోండి. అప్పటికీ రాకపోతే ఐసీయూ డ్యూటీ డాక్టర్‌కో, నైట్ సూపర్‌వైజర్‌కో. ఆ రెండు నంబర్లు చాలా వార్డుల్లో గోడమీద ఉండవు, లేదా ఎప్పుడో వెళ్లిపోయిన వాళ్లవి ఉంటాయి. ఈ రాత్రి హ్యాండోవర్ తీసుకునేటప్పుడే అడిగి మీ చిన్న పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.